ముందున్న సున్న

ఫెయిలైన లాట్ల జాబితాను ఉమేరా మంగళవారం పొద్దున పదకొండు గంటలకు గోడకు అంటించింది. నాలుగు మూలలకూ గమ్ము రాసి, అరచేత్తో మధ్య నుంచి అంచుల దాకా నిమిరి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుంది. బాలస్వామి తన బల్ల దగ్గర నుంచి లేవలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ గోడ మీదికి ఎక్కిన ప్రతి జాబితా ఆయన చేతిరాతే. ఒక్కో పేరు కింద స్కేలు పెట్టి గీత గీసేవాడు. ఇప్పుడు కాగితం మిషన్లోంచి గీతలతో సహా వచ్చింది. ఆ గీతలు తన గీతలకంటే తిన్నగా ఉన్నాయని కిటికీ దగ్గర నుంచి కూడా తెలుస్తోంది.

గద్వాలలో రాయచూరు రోడ్డు మీద ఉన్న పత్తి విత్తనాల గోదాం అది. రైతులకు ఆడ విత్తనం, మగ విత్తనం ఇచ్చి, చేన్లో పువ్వుకు పువ్వు అంటించే క్రాసింగ్ పని చేయించి, ఒక్కో రైతు గింజను ఒక్కో లాటుగా సంచుల్లో ఉంచి, నమూనాను హైదరాబాదు ల్యాబుకు పంపుతారు. పాసైన లాటు కంపెనీకి పోతుంది. ఫెయిలైన లాటు నూనె మిల్లుకు పోతుంది, ఆ రైతుకు మరుసటి ఏడు విత్తనం ఇవ్వరు. అందుకే ఆ గోడ దగ్గరికి జనం చెప్పులు విడిచి మరీ వస్తారు.

గోదాం యజమాని శ్రవణ్ కుమార్ నవంబరులో కంప్యూటర్ కొన్నాడు. దానితోపాటు ఉమేరాను తెచ్చాడు. గోదాంలో తూకం కాంటా చూసే గౌస్ పాషా బిడ్డ. వనపర్తిలో డిగ్రీ చదివింది. రెండు వారాల్లో ఒక ప్రోగ్రాము రాసింది. రైతుల పేర్లు, లాటు నంబర్లు, ఊళ్ళు, ఫలితాలు అన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉంటాయి. దానికి వేరే పెద్ద మిషను అక్కర్లేదు, చూసుకునే మనిషి అక్కర్లేదు, పెన్‌డ్రైవులో వేసి జేబులో పెట్టుకోవచ్చు.

"ఇరవై రెండేండ్ల బీరువ జేబుల పట్టింది బాలస్వామన్నా" అని శ్రవణ్ కుమార్ నవ్వాడు. ఆ రోజే ఫ్యాను కింది జాగా కంప్యూటరుకు పోయింది. బాలస్వామి బల్ల కిటికీ దగ్గరికి జరిగింది. ఎండ తొమ్మిదిన్నరకు బల్ల మీదికెక్కితే పన్నెండుకు గాని దిగదు.

"నీకేం అన్నా, నీ మీద ఎండ ఫ్రీగ వడ్తుంది" అనేవాడు గౌస్ పాషా. "మా పోరికి ఫ్యాను గాలి, కరెంటు పోతే అది గూడ లేదు."

బాలస్వామి నవ్వేవాడు కాదు. డిసెంబరులో ఒకనాడు ఆయనకు ఒక సంగతి తెలిసింది. కాంటా దగ్గరున్న పాత కంప్యూటర్లో కూడా అదే ఫైలు తెరుచుకుంటుంది. అక్కడ 'మార్పు' అనే బటన్ నొక్కి, ఏమీ మార్చకుండా వదిలేసి టీకి పోతే, ఇక్కడ ఉమేరా పని ఆగిపోతుంది. ఫైలుకు తాళం పడిందని తెర మీద ఇంగ్లీషులో వస్తుంది. ఒకరు రాస్తుండగా ఇంకొకరు రాయడానికి లేదు. ఆ వారంలో బాలస్వామి రోజుకు నాలుగుసార్లు టీ తాగాడు.

"చాచా, కాంటా కాడ ఎవరో తెరిచి పెట్టి పోతున్నరు. నాకు తాళం పడుతుంది. జర చూస్తరా?" అంది ఉమేరా చివరికి.

"నాకేం తెల్సు మేడం? మా కాలంల తాళమంటే బీరువకే. తాళంచెవి నా మొలతాడుకే ఉండె."

ఉమేరా నవ్వింది. మరునాటి నుంచి టీ వచ్చినప్పుడు ఆయన గ్లాసు మీద ఒక కాగితం ముక్క మడిచి కప్పి పెట్టేది, గోదాం గాలిలో తేలే పత్తి నూగు పడకుండా. బాలస్వామి ఆ కాగితం తీసి పక్కన పెట్టి, నూగు పడనిచ్చి తాగేవాడు.

ఈ మంగళవారం జాబితా ముందు మొదట నిలబడింది జంగయ్య. అమరచింత దిక్కు పెద్ద రైతు. వేలితో ఆరు పేర్లూ రెండుసార్లు చదివాడు.

"నా పేరు లేదు గదా?"

"లేదు" అన్నాడు బాలస్వామి.

"అరె! నాది పాసా!" అని తనే ఆశ్చర్యపోయాడు జంగయ్య. "కూలోళ్ళను ఇడిసిపెట్టి పెండ్లిండ్లు తిరిగితి ఈ యేడు. మైసమ్మ తల్లి చూసింది."

ఆయన వెనక రుక్కమ్మ నిలబడి ఉంది. జంగయ్య చేన్లోనే ఎకరం ముక్క కౌలుకు చేస్తుంది. చదువు రాదు. "సారూ, నాది జర చెప్పు" అంది.

బాలస్వామి లేవక తప్పలేదు. నాలుగో గీత మీద ఉంది: 41, రుక్కమ్మ, ఫెయిల్.

రుక్కమ్మ కాగితం దగ్గరికి జరిగింది. "ఇంకో రుక్కమ్మ గావచ్చు సారు. మల్ల చూడు."

"ఒక్క రుక్కమ్మనే ఉన్నది."

"మొగ్గ గిల్లకుండ ఒక్కటి గూడ ఇడువలేదు. సూడు" అని కుడిచేతి బొటనవేలు పైకెత్తింది. క్రాసింగ్ చేసే ఆడవాళ్ళు పత్తి మొగ్గను ఆ గోటితోనే చీల్చి, లోపలి మగ భాగాన్ని గీకి తీసేస్తారు. పని అయిపోయి మూడు నెలలైంది. అందరూ గోళ్ళు తీసేసుకున్నారు. రుక్కమ్మ గోరు వేలి మీద అంగుళం పొడుగున, అంచు వెంట గోధుమరంగు మరకతో, గట్టిపడి ఉంది. "పాసయ్యేదాక తియ్యద్దు అనుకున్న."

"చేనొకటే, నంబరొకటే" అన్నాడు జంగయ్య చెప్పులేసుకుంటూ. "చెయ్యి మార్పు అంతే రుక్కమ్మా."

నంబరు ఒకటే అన్న మాట దగ్గర బాలస్వామి ఆగిపోయాడు. ఒకటి కాదు. జంగయ్యది 41. రుక్కమ్మది 041. సొంతదారు తన చేన్లో కొంత ముక్క కౌలుకిస్తే, ఆ కౌలు రైతుకు అదే నంబరు ఇచ్చి ముందు సున్న పెట్టడం బాలస్వామి పెట్టిన పద్ధతి. చేను ఎవరిదో, చేసింది ఎవరో ఒక్క చూపులో తెలియాలని. సంచుల మీద రంగుతో రాసేదీ ఆయనే. ఆ సున్న గోడ మీది కాగితంలో లేదు.

ఆయన లోపల ఏదో తియ్యగా కదిలింది. పక్కన రుక్కమ్మ ఇంకా వేలు ఎత్తుకునే నిలబడి ఉంది. ఆయన చూసింది ఆమెను కాదు, ఫ్యాను కింద తల వంచుకుని టకటకా కొడుతున్న ఉమేరాను.

మధ్యాహ్నం రిజిస్టర్ తీసి మొదటి నుంచి లెక్కపెట్టాడు. రెండు వందల పన్నెండు పేర్లు. నీళ్ళకు పోతున్నట్టు కంప్యూటర్ వెనక నుంచి వెళ్ళి తెర అడుగున ఉన్న అంకె చూశాడు. రెండు వందల ఏడు. ఐదుగురు లేరు. ఈ ఏడు కౌలు సున్నలు కూడా ఐదే.

సోమవారం కంపెనీ అధికారులు వస్తారు, కంప్యూటర్ చూడటానికి. వాళ్ళ ముందు ఒక్క మాట అడిగితే చాలు: ఐదుగురు రైతులు యాడికి పోయిన్రు మేడం? ఆ మాటను మనసులో నాలుగు రకాలుగా అని చూసుకున్నాడు.

"బాలస్వామన్నా" అని పిలిచాడు శ్రవణ్ కుమార్ లోపల నుంచి. "శనివారం లారీ వస్తది. ఫెయిల్ లాట్లు మిల్లుకు ఎక్కియ్యాలె. గౌసుకు చెప్పు."

శనివారం ముందు, సోమవారం తర్వాత. తను అడిగేసరికి రుక్కమ్మ సంచులు మిల్లులో ఉంటాయని బాలస్వామికి తెలిసింది. దాన్ని పక్కకు నెట్టి గౌస్ పాషాకు లారీ మాట చెప్పి వచ్చాడు.

*

సోమవారం అడగడం ఒక్కటే సరిపోదు, ఆ ఐదుగురు ఎందుకు పోయారో కూడా చెప్పగలిగితే ఇంకా బాగుంటుంది. ఉమేరా సొరుగులో ఒక కాగితాల కట్ట ఉంటుంది. వనపర్తి ఇంటర్నెట్ సెంటరులో అచ్చు తీయించుకున్నది. ఆమె ఫైలును నడిపే చిన్న డేటాబేసును వాడేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు. పని ఆగిపోయినప్పుడల్లా ఆమె వేలు తడి చేసుకుని ఆ కాగితాలు తిప్పుతుంది. బుధవారం ఆమె అన్నానికి లేచినప్పుడు బాలస్వామి ఆ కట్టను తన సంచిలో వేసుకున్నాడు.

గురువారం పొద్దున పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే గడప దగ్గర కూర్చుని చదివాడు. నాగర్‌కర్నూల్ కాలేజీలో బీఏకు చదివిన ఇంగ్లీషు. పక్కన డిక్షనరీ. మొదటి ప్రశ్నలు తాళం గురించే. ఒకరు రాస్తుండగా ఇంకొకరు ఎందుకు ఆగాలి? తను తాగిన టీలు గుర్తొచ్చి తొందరగా పేజీ తిప్పాడు.

ఇంకొకరు అడిగారు: చాలా వరసలు తీసేశాను, అయినా ఫైలు చిన్నది కాలేదు, ఎందుకు? జవాబు: తీసేసినవాటి జాగా ఖాళీగా లోపలే ఉంటుంది; కొత్తవి వస్తే అందులో సర్దుకుంటాయి; లేకపోతే మీరే పనిగట్టుకుని ఊడ్వాలి. బాలస్వామి తలెత్తి చూశాడు. ఇంట్లో భార్య మంచం నిరుటి నుంచి గోడకు నిలబెట్టే ఉంది. అన్నం పొంగిన చప్పుడుకు లేచి మూత తీసి వచ్చాడు.

అంకెల గడిలో అక్షరాలు కొట్టినా ఈ డేటాబేసు వద్దనలేదు, ఇది తప్పు కాదా? అని ఒక ప్రశ్న. తప్పు కాదు, దాని గుణమే అది. ఏది ఇచ్చినా తీసుకుంటుంది, అని జవాబు. కానీ అంకెల గడిలో అంకెలా కనిపించేది ఏదిచ్చినా దాన్ని అంకెగానే దాచుకుంటుంది. ఐదు ముందు సున్న పెట్టి ఇచ్చినా దానికి ఐదే. అలాంటి సున్న మీకు ముఖ్యమైతే ఆ గడిని మొదటే అక్షరాల గడిగా చెప్పుకోవాలి.

దొరికింది. బాలస్వామి ఆ పేరా మూడుసార్లు చదివాడు. 41 జంగయ్య అని కొట్టింది. తర్వాత 041 రుక్కమ్మ అని కొట్టింది. మిషనుకు రెండూ ఒకటే నంబరు. అదే నంబరు మళ్ళీ కొడితే పాతది చెరిగి కొత్తది పడుతుందని ఉమేరాయే శ్రవణ్ కుమార్‌కు గొప్పగా చూపించింది, తప్పులు దిద్దుకోవడానికి సులువని. జంగయ్య చెరిగిపోయి రుక్కమ్మ మిగిలింది. ఫలితాలు కూడా అట్లాగే ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అప్పుడు ఆ పేరా పక్కన పెన్సిలు రాత కనిపించింది. ఉమేరా గుండ్రని తెలుగు అక్షరాలు.

'రిజిస్టర్ల 041 అని ఉన్నది. ఈ సున్న ఏంది? చాచాను అడిగిన. ఏం లేదు, రాసే అలవాటు, నంబరంటే నంబరే అన్నరు. 20 నవంబర్.'

బాలస్వామికి ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. ఆమె రిజిస్టర్‌ను రెండు చేతుల మీద పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. సున్న కింద వేలు పెట్టి చూపించింది. ఆ రోజే బల్ల కిటికీ దగ్గరికి జరిగింది. తను తలెత్తలేదు. నంబరంటే నంబరే మేడం అన్నాడు. ఆమె పోయాక, ఒక మాట ఇవ్వకుండా దాచుకున్నందుకు సంతోషం కూడా వేసింది.

ఆ పేజీని కట్టలోంచి జాగ్రత్తగా లాగాడు. పిన్ను దగ్గర కొంచెం చిరిగింది. నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో వేసుకున్నాడు. మిగతా కట్టను ఆఫీసుకు పోగానే సొరుగులో పెట్టేశాడు. ఇప్పుడు సోమవారం ఆయన ఆ ప్రశ్న వేసినా, సున్న గురించి నవంబరులోనే అడిగానని చూపించడానికి ఆమె దగ్గర కాగితం లేదు.

*

శుక్రవారం రుక్కమ్మ మళ్ళీ వచ్చింది. గోదాంలో తన తొమ్మిది సంచుల పక్కన కూర్చుంది.  సంచి కుట్టు దగ్గర దారం పోగు ఒకటి వదులై ఉంటే, ఆ పొడుగు గోటితో లోపలికి నెడుతూ కూర్చుంది.

ఉమేరా చెంబుతో నీళ్ళు తీసుకుపోయి ఇచ్చింది. వెంట పిలుచుకొచ్చి తన కుర్చీ పక్కన కూర్చోబెట్టింది.

"నువ్వేమో కొట్టంగ తప్పు వడ్డదేమో బిడ్డా. జర చూడు."

"చూస్త అమ్మా. నీ ముంగటనే చూస్త."

ల్యాబు కాగితాలు రెండు. ఉమేరా తెర మీద 41 కొట్టింది. ఫెయిల్ అని వచ్చింది. ల్యాబు రెండో కాగితంలో వేలు పెట్టి వెతికింది. 41, ఫెయిల్ అనే ఉంది. ఇంకోసారి చూసింది. "సరిగనే ఉన్నది అమ్మా" అంది, తనే తప్పు చేసినట్టు చిన్న గొంతుతో. "మల్ల పరీక్ష చెయ్యమని అర్జీ రాస్త. వేలిముద్ర వేస్తవా?"

"మల్ల పరీక్షంటే నెల వడ్తది" అన్నాడు శ్రవణ్ కుమార్ లోపల నుంచి. "అంతదాక ఫెయిల్ సంచులు పెట్టుకుంటె కంపెనీ ఒప్పుకోదు. రాయి గని, ఆశ వెట్టకు."

బాలస్వామికి కిటికీ దగ్గర నుంచి మొదటి కాగితం అంచు కనిపిస్తోంది. అది బల్ల మీద పక్కకు పడి ఉంది. పొద్దున ఎవరూ రాకముందు ఆయన దాన్ని చూశాడు. పై నుంచి పదకొండో వరస: 041, పాస్. ల్యాబువాళ్ళు నమూనా సంచి మీద ఉన్నది ఉన్నట్టు రాశారు, సున్నతో సహా.

ఎండ బల్ల మీదికి వచ్చింది. రుక్కమ్మ సిరాలో వేలు అద్దింది. కుడిచేతి బొటనవేలు కాగితం మీద ఆనలేదు, గోరు అడ్డమొచ్చింది. ఉమేరా ఆమె చెయ్యి పట్టుకుని, ఎడమ బొటనవేలు అద్దించి, తర్వాత ఆ సిరాను తన చున్నీ కొసతో తుడిచింది. బాలస్వామి ముఖం తిప్పుకుని రిజిస్టర్లో ఏదో వెతికాడు. ఏం వెతుకుతున్నాడో ఆయనకే తెలియలేదు. కదిలిన ప్రతిసారీ జేబులో కాగితం మడత గుచ్చుతోంది.

టీ వచ్చింది. గ్లాసు మీద కాగితం ముక్క ఉంది. ఆ రోజు ఆయన దాన్ని తియ్యలేదు. టీ అట్లాగే చల్లారిపోయింది.

*

శనివారం పది గంటలకు లారీ రివర్సులో వచ్చి గోదాం వాకిట్లో నిలిచింది. గౌస్ పాషా అట్ట మీద జాబితా పెట్టుకుని పేర్లు చదువుతున్నాడు. హమాలీలు ఒక్కో లాటూ ఎక్కిస్తున్నారు. మూడు లాట్లు ఎక్కాయి. జంగయ్య ఖాళీ సంచులు తీసుకుపోవడానికి వచ్చి, మోటారు సైకిలు మీద కూర్చుని చూస్తున్నాడు. రుక్కమ్మ తన సంచుల దగ్గర నుంచి లేచి నిలబడింది. హమాలీలు రెండు సంచులు ఎత్తుకుపోయి లారీలో పడేశారు. మూడో దాని దగ్గర గౌస్ పాషా చెయ్యెత్తాడు.

"బాలన్నా! జర ఇటు రా."

బాలస్వామి బయటికి వచ్చాడు.

"లిస్టుల నలభై ఒకటి ఉన్నది. సంచుల మీద సున్న నలభై ఒకటి. పేరు మాత్రం రుక్కమ్మదే. మా పోరి లిస్టు, తప్పుండదు గని, రాసినోనివి నువ్వు ఉన్నవని అడుగుతున్న. ఎక్కియ్యాల్నా?"

హమాలీ ఒకడు సంచికి కొక్కెం తగిలించి ఆగాడు. గౌస్ పాషా కళ్ళలో అనుమానం లేదు. బిడ్డ చేసిన జాబితాను పట్టుకుని నిలబడిన గర్వం ఉంది, ఇరవై రెండేళ్ళు పక్కన పనిచేసిన మనిషిని ఒక మాట అడిగిన నమ్మకం ఉంది. ఎక్కించు అంటే చాలు. మధ్యాహ్నానికి సంచులు మిల్లులో ఉంటాయి. సోమవారం తన మాట తనకుంటుంది.

రుక్కమ్మ ఆయన్ను చూడటం లేదు. లారీలో పడ్డ రెండు సంచులను చూస్తోంది.

"దించు" అన్నాడు బాలస్వామి.  "ఆ రెండు గూడ దించు గౌసూ. గవి పాసైనయి."

లోపలికి పోయి ల్యాబు మొదటి కాగితం తీసుకుని శ్రవణ్ కుమార్ ముందు పెట్టాడు. పదకొండో వరస చూపించాడు. సున్న అంటే ఏమిటో చెప్పాడు. మిషను ముందున్న సున్నను లెక్కలోకి తీసుకోదని, అందుకే ఐదుగురి పేర్లు చెరిగాయని చెప్పాడు. నాలుగు జతల్లో ఇద్దరూ పాసయ్యారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఈ ఒక్క జతలోనే తేడా. ఫెయిలైంది జంగయ్య.

శ్రవణ్ కుమార్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ముఖం ఎర్రబడింది. "ఉమేరా! ఇటు రా. ఏంది గిది? ఇంకో గంటైతే ఆమె గింజ మొత్తం గానుగల పడుతుండె. సోమవారం కంపెనీ వాళ్ళ ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె? గిట్లేనా చదివింది?"

బాలస్వామి ఐదు రోజులుగా మనసులో వేసుకుని చూసుకున్న దృశ్యం అదే. ఆమె నిలబడింది. పెదవులు తెల్లబడ్డాయి. వాకిట్లో గౌస్ పాషా అట్ట పట్టుకుని తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు.

"సున్న చూసిన సార్" అంది ఉమేరా. "అడగకపోవుడు నాదే తప్పు."

ఆమె చెయ్యి సొరుగు మీద ఉంది. ఆ పేజీ అందులోనే ఉందని ఆమె అనుకుంటోంది. సొరుగు లాగితే చాలు. లాగలేదు. బాలస్వామి వైపు చూడనైనా లేదు.

బాలస్వామి జేబులోంచి కాగితం తీశాడు. మడతలు చెమటకు మెత్తబడి ఉన్నాయి. బల్ల మీద పరిచి, పెన్సిలు రాత ఉన్న చోట వేలు పెట్టాడు, ఆ రోజు ఆమె సున్న కింద పెట్టినట్టే.

"అడిగింది సార్. నవంబర్ల అడిగింది. నేనే చెప్పలె. ఈ కాగితం గూడ ఆమె సొరుగులకెల్లి నేనే తీసిన."

శ్రవణ్ కుమార్ చదివాడు. చాలాసేపు చదివాడు, నాలుగు వాక్యాలే అయినా. "ఎందుకన్నా?"

"చెప్తె ఇగ నాకేం మిగుల్తది అనుకున్న."

ఫ్యాను తిరుగుతోంది. కాగితం కొస లేస్తే ఉమేరా చెయ్యి చాచి దాని మీద పెన్ను పెట్టింది.

శ్రవణ్ కుమార్ ల్యాబు కాగితాలు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. లేచి బయటికి పోయాడు. "గౌస్! సున్న లేని నలభై ఒకటి ఎక్కియ్. జంగయ్యవి."

వాకిట్లో జంగయ్య గొంతు లేచింది. గోడ మీద తన పేరు లేనప్పుడు తన సంచులు ఎట్లా ఎక్కిస్తారని, ఇదంతా కౌలుదానికోసం చేసిన మాయ అని. శ్రవణ్ కుమార్ ల్యాబు కాగితాలు చూపించాక రుక్కమ్మ మీదికి తిరిగాడు. "వచ్చే యేడు నా చేన్ల ఎట్ల అడుగు వెడ్తవో చూస్త."

"చేను నీదే పటేలా, వద్దంటె వద్దు" అంది రుక్కమ్మ. "గోరు నాది."

గౌస్ పాషా దగ్గర సంచుల దారం కోసే బ్లేడు అడిగి తీసుకుంది. గోదాం మెట్టు మీద కూర్చుని, వేలిని మోకాలికి ఆనించి, గోరును కొంచెం కొంచెంగా కోసింది. ఆ ముక్కను చూసి, ఊది, వాకిట్లోకి విసిరింది. "మల్ల పెరుగుతది" అంది తనలో తనే. బస్సుకు టైం అడిగి లేచింది.

*

సోమవారం పొద్దున బాలస్వామి తొందరగా వచ్చాడు. శ్రవణ్ కుమార్ శనివారం తర్వాత ఆయనతో మాట్లాడలేదు. మానుకో అని గాని, ఉండు అని గాని అనలేదు. గౌస్ పాషా కాంటా దగ్గర నుంచి చూసి తల వంచుకుని పళ్ళెం తుడుచుకున్నాడు. రోజూ ఎండ గురించి వేసే జోకు వెయ్యలేదు. అది అన్నిటికంటే ఎక్కువ తగిలింది.

ఉమేరా అప్పటికే పనిలో ఉంది. అధికారులు మధ్యాహ్నం వస్తారు.

"చాచా, రిజిస్టర్ తీసుకొని వస్తరా?"

ఆయన రిజిస్టర్‌తో పోయి నిలబడ్డాడు. ఆమె లేచి గోడ పక్కనున్న కుర్చీని ఫ్యాను కిందికి లాగింది.

"అంకెల గడిని అక్షరాల గడిగ మార్చనీకి దీన్ల రాదు చాచా. కొత్త పట్టిక చేసి, పాతదాన్ల ఉన్నదంత అందుల వోసి, పాతది తీసేసి, కొత్తదానికి పాత పేరే పెట్టాలె. అది రాత్రే చేసి పెట్టిన. గని పోయిన సున్నలు పోసినా రావు గదా. మీరు చదవాలె, నేను కొట్టాలె. రెండు వందల పన్నెండు."

బాలస్వామి కూర్చున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పేజీ తెరిచాడు. ఒకటి, రెండు, మూడు. ఆమె వేళ్ళు ఆయన గొంతు వెంట వస్తున్నాయి. ఆయన ఆగితే ఆగుతున్నాయి. నలభై దాకా వచ్చాక మెల్లగా చదివాడు.

"నలభై ఒకటి. జంగయ్య."

టకటకా చప్పుడు.

"సున్న నలభై ఒకటి. రుక్కమ్మ."

ఆమె కొట్టి, తెర మీద ఆ వరసను వెతికి చూసింది. "నిలవడ్డది చాచా. చూడున్రి."

నాలుగు నెలల్లో మొదటిసారి ఆయన ఆ తెర మీదికి వంగాడు. ఒకదాని కింద ఒకటి రెండు వరసలున్నాయి. రెండోదాని ముందు సున్న, ఆయన రాసే సున్నకంటే సన్నగా, ఉంది.

టీ వచ్చింది. ఉమేరా రెండు గ్లాసుల మీదా కాగితం ముక్కలు కప్పింది. బాలస్వామి తన ముక్క తీసి, మడిచి, రిజిస్టర్లో గుర్తుగా పెట్టుకుని తాగాడు.

"చాచా" అంది ఆమె, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "ఈ నంబర్లల్ల నాకు తెల్వనిది ఇంకేమన్న ఉన్నదా?"

 గ్లాసు కింద పెట్టాడు. పేజీలు వెనక్కి తిప్పి, పదిహేడో నంబరు పక్కన ఎర్ర సిరాతో పెట్టిన చిన్న చుక్క దగ్గర ఆగాడు. శ్రవణ్ కుమార్ తండ్రి పెద్దసారుకు తప్ప ఎవరికీ చెప్పని చుక్క అది.

"ఉన్నది" అన్నాడు. "చుక్క ఉన్నదంటె ఆ చేనుకు బోరు నీళ్ళు లేవు, వానల మీదనే పండిచ్చిన్రని. గసుంటియి పద్నాలుగు ఉన్నయి. రాసుకో బిడ్డా."